మామా బీరువాలో నా పాస్‌పోర్టు

పోయిన శుక్రవారం ఇక్కడ కువైట్‌లో షర్క్ అనే పేటలోని చేపల మార్కెట్‌కు వెళ్ళాల్సి వచ్చింది. నేను వంట చేసే డాక్టరమ్మ ఇంటికి విజయవాడ నుంచి చుట్టాలు వచ్చారు. వాళ్ళకు జుబైదీ, అదే మన చందువా, వేపుడు చేసి పెట్టాలని ఆవిడ ముచ్చట. మేముండే రిగ్గైలో దొరికే చేప ఆవిడ కంటికి ఆనదు. "షర్క్‌కే వెళ్ళు రెడ్డెమ్మా, నీకక్కడ పాత పరిచయాలున్నాయిగా" అంది. ఉన్నాయి, అందుకే రెండేళ్ళుగా ఆ వైపు తొంగిచూడలేదు. అనుకున్నంతా అయింది. నేను మొప్పలెత్తి చూసుకుంటుంటే ఈజిప్టు ముసలాయన గుర్తుపట్టేశాడు. మనిషి వంగిపోయాడు గానీ గొంతు మాత్రం అదే గొంతు. "ఏమమ్మా, నీ ఇస్పానియా మామా మంత్రి అయిందా?" అని అరబ్బీలో అరిచాడు. తప్పు అతనిది కాదు. ఒకప్పుడు మార్కెట్టంతా వినేలా డప్పు కొట్టుకున్నది నేనే. "అయింది బాబా, చాలా పెద్ద మంత్రి అయింది" అని అబద్ధం ఆడి, చేప తూయించుకుని బయటపడ్డాను.

ఆమె మంత్రి కాలేదు. కావాల్సిన నెలలోనే ఉన్న పదవి కూడా ఊడింది. ఊడగొట్టింది నేను. పగవాళ్ళు చేయలేని పని నేను చేశాను, అదీ మంచి చేస్తున్నాననుకుని. ఆ సంగతి రాయమని డాక్టరమ్మ ఏడాదిగా పోరుతోంది. నేను పదో తరగతి తప్పినదాన్ని, అయినా పాతికేళ్ళుగా తోటి పనివాళ్ళకు ఉత్తరాలు రాసీ రాసీ చేయి తిరిగింది. కాబట్టి రాసేది నేను, అక్షరదోషాలు దిద్దేది ఆవిడ. దోషాలంటే అక్షరాలవే, మిగతా దోషాలు నావి నాకే ఉండనివ్వండి.

మామా అంటే ఇక్కడ మేనమామ కాదు. కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ళం ఇంటి యజమానురాలిని అలా పిలుస్తాం. మా మామా పేరు పిలార్. స్పెయిన్‌లో, అరబ్బీలో ఇస్పానియా అంటారు, దక్షిణాన ఏదో చిన్న ఊరు. అక్కడ ఒకసారి మునిసిపల్ కౌన్సిలర్‌గా గెలిచి, రెండోసారి ఓడిపోయింది. ఓడిన ఏడాదే ఆమె భర్తకు కువైట్‌లో సముద్రపు నీళ్ళు మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో ఇంజినీరు ఉద్యోగం వచ్చింది. ఊళ్ళో తల ఎత్తుకోలేక ఆయన వెంట వచ్చేశానని తనే నవ్వుతూ చెప్పేది. నేను అంతకు ముందు ఒక ఇంట్లో రెండేళ్ళు చేసి, వేరే ఇంటికి పోవచ్చని వాళ్ళు రిలీజ్ కాగితం ఇస్తే ఈ ఇంటికి మారాను. మా ఇద్దరి మధ్య ఒక భాష ఉండేది. అందులో సగం అరబ్బీ, పావు ఇంగ్లీషు, తక్కింది చేతులు. దాన్నే ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేగే వాసన, ఆ వెనకే కాఫీ, ఆ వెనకే ఆమె సిగరెట్టు. పొద్దున లేవగానే మొదటి పని నిన్నటి రొట్టెను కోసి, దాని మీద టమాట రుద్ది, నూనె చుక్కలు వేసి ఇవ్వడం. ఇదేం టిఫినమ్మా అని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మధ్యాహ్నం భోజనం మూడింటికి! మూడింటికి మా ఊళ్ళో గొడ్లకు రెండో పూట కుడితి పెడతారు. ఆమె వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతూ, తన ఊరి మేయర్‌ను తన భాషలో తిట్టేది. నాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, అయినా తిట్టు తిట్టులాగే వినపడేది కాబట్టి "అవును మామా, వాడంతే" అనేదాన్ని. పగలబడి నవ్వేది. ఉల్లిపాయలు తరిగేది, గిన్నెలు కడిగేది, తను తిన్నదే నాకు పెట్టేది. నేను నేల మీద కూర్చుంటే తనూ వచ్చి నేల మీద కూర్చునేది. "ఇంకోసారి నిలబడతాను రెడ్డీ, ఈసారి ఊరికి కాదు, దేశానికి" అనేది. ఊరికే అంటోంది అనుకునేదాన్ని.

పాస్‌పోర్టు సంగతి మొదటి రోజుదే. నా సామాను గదిలో పెట్టానో లేదో, పిలిచి, పాత ఇంటివాళ్ళు తనకిచ్చిన నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. "ఇది నీది. నీ దగ్గరే ఉండాలి" అంది. మా లోకంలో పాస్‌పోర్టు చేతికిచ్చారంటే ఖలాస్, టికెట్టు తెగినట్టే, ఇంటికి పంపిస్తున్నట్టే. నేనేం తప్పు చేశాను మామా, ఇంకా చీపురు కూడా పట్టుకోలేదు కదా అని బావురుమన్నాను. ఆమె బిత్తరపోయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చాలాసేపటికి గానీ విషయం నా బుర్రకెక్కలేదు. ఎక్కాక ఇంకో దిగులు పట్టుకుంది. దాన్ని పరుపు కింద పెట్టాను, బట్టల్లో చుట్టాను, చివరికి బియ్యం డబ్బాలో దించాను. శుక్రవారం మాలియాలో మా వాళ్ళు కలిసేచోట ఓబులమ్మకు చెప్పాను. ఓబులమ్మది పుల్లంపేట, నాకంటే పదేళ్ళ ముందు వచ్చిన మనిషి.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? చేతిలో బుక్కు పెట్టుకుంటే పారిపోతాదని అనుకుంటారు. రేపు యాడన్నా పోతే ఎవురికి చెప్పుకుంటావు? పోయి ఆయమ్మకే ఇచ్చేయ్, నమ్మకమన్నా ఉంటాది" అంది.

అలా నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె వద్దంది. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ వద్దంది. మూడోసారి కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, తల పట్టుకుని, తన బీరువాలో, వాళ్ళ అవ్వ ఇచ్చిన విసనకర్రా బంగారు గొలుసూ ఉండే సొరుగులో పెట్టింది. ఆరోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆమె బంగారం పక్కన నా పుస్తకం! మా వాళ్ళల్లో ఎవరికుంది ఆ మర్యాద? శుక్రవారం పూట ఎవరింటి మామా ఎలాంటిదని మాట వస్తే నేను ముందుగా చెప్పేది ఇదే. ఆ ఇంట్లో చేసిన ఆరేళ్ళూ పాస్‌పోర్టు ఆ సొరుగులోనే ఉంది.

నాలుగో ఏట మా చెల్లెలు దేవి కడుపుతో ఉంది. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే, పెళ్ళి చేసింది నేనే. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. దానికి పుట్టిల్లంటే రాయచోటి దగ్గర మా పల్లెలో తాళం వేసిన రెండు గదులు, ఇక్కడ నేను. కాన్పుకు వస్తానని మాట ఇచ్చాను. దేవి ఫోనులో రోజూ అదే మాట. "నువ్వొస్తేనే నాకు ధైర్యమక్కా. మా అత్తను నమ్ముకుంటే నేను చస్తాను" అనేది. నెలలు దగ్గరపడ్డాక మామాను అడిగాను, పాస్‌పోర్టు ఇవ్వండి, ఊరికి పోయి వస్తాను అని. ఆమె చేతిలో సిగరెట్టు నలిపేసింది. "ఇఖామా రెన్యువల్‌కు బాబా ఆఫీసులో ఇచ్చాం రెడ్డీ. పది రోజుల్లో వచ్చేస్తుంది. రాగానే నేనే విమానం ఎక్కిస్తాను" అంది. బాబా అంటే ఆమె భర్త, ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, అది లేకపోతే మనిషి లేనట్టే. సరే మామా అన్నాను. పది రోజులేగా అనుకున్నాను.

ఆ పది రోజుల్లోనే ఇంట్లో ఒక పెద్ద విందు పడింది. స్పెయిన్ నుంచి వ్యాపారం మాట్లాడడానికి ఒక బృందం వచ్చింది, అందులో ఆమె పార్టీ పెద్దలు ముగ్గురున్నారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. రాబోయే ఎన్నికల్లో ఎవరికి చోటివ్వాలో చెప్పేది వాళ్ళేనట. ఆ వారమంతా మామా కాలు నిలవలేదు. నేనూ పంతం పట్టాను. షర్క్‌లో తెల్లారేసరికి వెళ్ళి, ఈజిప్టాయనతో గొడవ పడి, బతికున్న పీతలు, చేతి పొడవు రొయ్యలు తెచ్చాను. వాళ్ళ పసుపుపచ్చ అన్నం, కుంకుమపువ్వు వేసి వెడల్పాటి పెనం మీద వండేది, అడుగున మాడు పట్టాలి గానీ మాడిపోకూడదు. నేను ఆరుసార్లు వండి పాడుచేసి నేర్చుకున్నాను. ఆరోజు మాత్రం అడుగు గీకి తిన్నారు. తెల్లగడ్డం పెద్దాయన వంటింట్లోకి వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. మామా నన్ను పక్కన నిలబెట్టుకుని, భుజం మీద చేయి వేసి, ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. చప్పట్లు కొట్టారు. నన్ను చూపించి ఇంటిపనివాళ్ళ కష్టాల గురించి చెప్పానని తర్వాత అంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆదివారం ఊరి నుంచి ఫోను వచ్చింది. దేవికి నొప్పులు ముందే వచ్చాయి. అత్త ఒకపూటంతా ఇంట్లోనే ఉంచింది, మంత్రసానిని పిలిచింది, కారు దొరకలేదంది. రాయచోటి ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ లేడు. దేవి బతికింది గానీ మళ్ళీ కడుపు పండదన్నారు. మంగళవారం నా పాస్‌పోర్టు వచ్చింది. మామా నన్ను కావలించుకుని నాకంటే ఎక్కువ ఏడ్చింది, విమానం దాకా వచ్చి ఎక్కించింది. నేను ఇంటికి చేరినప్పుడు దేవి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "వస్తానంటివే" అంది. అంతే. ఆఫీసువాళ్ళు కాగితాలు ఇవ్వలేదని చెప్పాను. వినిందో లేదో తెలియదు. అప్పటి నుంచి మా మధ్య మాట ఉంది, మనసు లేదు. పండక్కి చీర పంపిస్తే "ముట్టిందక్కా" అంటుంది.

ఇంకో రెండేళ్ళకు మామా వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె నిలబడింది, గెలిచింది. మొదటిసారి పార్లమెంటులో మాట్లాడిన వీడియో నాకు పంపింది. అందులో "రెడ్డీ" అన్న మాట నాకు వినపడింది. నేను ఆ ఫోను పట్టుకుని తిరగని ఇల్లు లేదు, చూపించని మనిషి లేడు. రెండోసారి గెలిచింది, మూడోసారి గెలిచింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళ కోసం ఒక చట్టం రాయించింది. వారానికి ఒకరోజు సెలవు, జబ్బు చేస్తే జీతం, ముసలితనంలో పింఛను. పరాయి దేశం నుంచి వచ్చి కాగితాల్లేకుండా పనిచేస్తున్న వాళ్ళకు కూడా. అది గట్టెక్కేలోపు ఆమెను మంత్రిని చేస్తారని అందరూ అనుకున్నారు. "ఇది నీ చట్టం రెడ్డీ" అని మెసేజ్ పెట్టింది. అప్పటికి నేను వేరే ఇళ్ళు మారి డాక్టరమ్మ దగ్గర కుదురుకున్నాను. ఆ మెసేజ్ చదివించుకుని ఆరోజు ఇల్లంతా పాయసం పంచాను.

అప్పుడు వచ్చింది ఆ ఫోను. స్పెయిన్‌లో ఒక పత్రిక నుంచి ఒకమ్మాయి, మధ్యలో మా మాటలు హిందీలోకీ వాళ్ళ భాషలోకీ మార్చి చెప్పే ఒకాయన. మీ మామా గురించి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నాలుగా? నలభై చెప్పాను! టమాట రొట్టె చెప్పాను, నేల మీద కూర్చోవడం చెప్పాను. మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది అని అడిగింది. అదే కదా నా నోట ముందుగా రావాల్సిన మాట! "మామా దగ్గరే. ఆరేళ్ళూ ఆమె బీరువాలోనే, ఆమె బంగారం పక్కనే. ఊరికి పోయే రోజుల్లో తప్ప నా చేతికి రానివ్వలేదు, అంత భద్రంగా చూసుకుంది" అన్నాను. ఆ హిందీ ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. అర్థం కాలేదేమో పాపం అని మళ్ళీ గట్టిగా చెప్పాను.

వారం తర్వాత డాక్టరమ్మ నన్ను సోఫాలో కూర్చోబెట్టింది. ఎప్పుడూ కూర్చోమనదు. ఫోనులో ఆ పత్రిక తెరిచి, ఒక్కో లైనూ తెలుగులో చెప్పింది. పనివాళ్ళ హక్కుల నాయకురాలు పనిమనిషి పాస్‌పోర్టు ఆరేళ్ళు బీరువాలో పెట్టుకుందని పైన పెద్ద అక్షరాల్లో ఉందట.

"అయితే ఏమిటమ్మా? నిజమేగా. నేను పొగిడాను" అన్నాను.

"రెడ్డెమ్మా, అక్కడ అది నేరం. మనిషిని కట్టేసి పని చేయించుకున్నట్టు లెక్క."

"నేనే ఇచ్చానమ్మా! కాళ్ళు పట్టుకుని ఇచ్చాను!"

"ఆ మాట నువ్వు వాళ్ళకు చెప్పలేదు."

అడగలేదు కదా, అందుకే చెప్పలేదు. ఎవరైనా అడిగే ప్రశ్నా అది? అప్పటికప్పుడు కూర్చుని వీడియో చేశాం. నేనే ఇచ్చాను, ఆమె వద్దంది, ఆమె దేవత అని ఏడుస్తూ చెప్పాను. డాక్టరమ్మ ఇంగ్లీషు పెట్టి పంపించింది. అది ఇంకా కొంప ముంచింది. పాపం ఆ ముసలిదాన్ని బెదిరించి చెప్పించారు అన్నారట. పాతికేళ్ళు పనిచేస్తే నోట్లోంచి ఇలాగే వస్తుంది అన్నారట. నా నిజం ఎవరికీ పనికిరాలేదు. పది రోజుల్లో ఆమె రాజీనామా చేసింది. ఆమెతోపాటు ఆ చట్టమూ పక్కకు పోయింది. ఆమె పేరున్న కాగితాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, ఏ దేశం నుంచి పోయి ఎవరి అంట్లు తోముతున్నారో, వాళ్ళ ఆదివారం సెలవును నేను ఇక్కడ రిగ్గైలో కూర్చుని పోగొట్టాను.

ఆమె ఫోను చేసింది నెల తర్వాత, ఒక గురువారం మధ్యాహ్నం. నేను చపాతీల పిండి కలుపుతున్నాను. గొంతు విని మొదట గుర్తుపట్టలేదు. ముసలిదైపోయింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. "నన్ను తీసుకుపో మామా, అక్కడికొచ్చి కోర్టులో చెప్తాను, నేనే ఇచ్చానని" అన్నాను.

"నేనూ మొదట అదే చెబుదామనుకున్నాను" అంది. "నోరు రాలేదు. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"నీ చెల్లెలి కాన్పుకు అడిగావు చూడు. అప్పుడు నీ పాస్‌పోర్టు ఆఫీసులో లేదు రెడ్డీ. సొరుగులోనే ఉంది. శుక్రవారం విందు ఉంది. నువ్వు లేకపోతే ఎవరు వండుతారు, ఎవరిని చూపించి మాట్లాడతాను? పది రోజులేగా అనుకున్నాను. ఆ విందులోనే నాకు చోటు ఇస్తామన్నారు. ఇన్నేళ్ళూ ప్రతిసారి గెలిచినప్పుడు నీకు చెబుదామనుకున్నాను."

చేతినిండా పిండి. నా నోటి నుంచి వచ్చిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. "మాఫీ ముష్కిల్, మామా" అన్నాను. ఫర్వాలేదు అని. గ్లాసు పగిలినా, జీతం ఆలస్యమైనా, తిట్టినా ఆ మాటే అనడం అలవాటైన నోరు. అవతల ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మళ్ళీ ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అని డాక్టరమ్మ రాయమంటుంది. ఇప్పుడు ఇక్కడా పాస్‌పోర్టు పనివాళ్ళ దగ్గరే ఉండాలంటున్నారు. ప్రతి పిల్ల చేతిలో ఫోను ఉంది, ఊళ్ళో చంటిపిల్ల తుమ్మితే ఇక్కడ కనిపిస్తుంది. అయినా మొన్న మాలియాలో రైల్వేకోడూరు పిల్ల ఒకతి నన్ను అడిగింది, బుక్కు మామాకు ఇచ్చేయమంటావా పెద్దమ్మా, నా గదిలో పెట్టుకుంటే భయంగా ఉందని. వద్దని అరిచాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది, పక్కనున్న ఆమె "ఇచ్చేయ్‌లే, నమ్మకమన్నా ఉంటాది" అంది. ఏమీ మారలేదు. నాకు మారింది ఒక్కటే. ఇన్నేళ్ళూ ఏ ఇంట్లో ఏ కష్టం వచ్చినా, ఆ ఆరేళ్ళు తలుచుకుని బతికాను. మనుషులు అలా కూడా ఉంటారు అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుందామంటే ఆ టమాట రొట్టె కూడా గొంతు దిగదు.

అబద్ధం ఆడి వచ్చిన ఆ శుక్రవారం, చేపలు వేయించి, చుట్టాలు తిన్నాక, దేవికి ఫోను చేశాను. చెప్పాలి కదా, కాగితాలు కాదు, మనిషి ఆపిందని. ఇన్నేళ్ళుగా అది నన్ను అనుమానిస్తోంది, ఇప్పుడన్నా నా తప్పు కాదని తెలుస్తుంది అనుకున్నాను. మొత్తం చెప్పాను. సొరుగు, విందు, తెల్లగడ్డం పెద్దాయన, అన్నీ. దేవి ఎక్కడా అడ్డం రాలేదు. అంతా అయ్యాక అడిగింది.

"ఎన్ని తూర్లు అడిగినావక్కా ఆయమ్మను?"

"ఏందీ?"

"బుక్కు ఇయ్యమని. ఎన్ని తూర్లు అడిగినావు?"

నాకు ఆ వారమంతా కళ్ళ ముందుకొచ్చింది. రొయ్యలు వలవడం, పెనం తోమడం, అడుగు మాడకూడదని దేవుడికి దండం పెట్టుకోవడం. ఆ విందు బాగా జరగాలని ఆమె కంటే నాకే ఎక్కువ ఉండింది.

"ఒగ తూరి" అన్నాను.

ఫోనులో వెనక ఎక్కడో టీవీ మోగుతోంది. దేవి "సరేక్కా, పొయ్యి మీద ఎసురు పెట్టినా" అని ఫోను పెట్టేసింది.